ఆపరేషన్‌కు పూర్తి మార్కులు, బిల్లింగ్ కౌంటర్‌కు సున్నా

ముందే తీర్పు చెప్పేస్తాను, తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు. మింగింది కడుపులోకి దిగకుండా చేసే ఎకలేషియా కార్డియా అనే జబ్బుకు చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లాప్రోస్కోపిక్ హెల్లర్ మయాటమీ, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి బిగుసుకున్న కండరాన్ని కోసే ఆపరేషన్, చేయించుకున్నాను. పరీక్షలకు, డాక్టరుకు, ఆపరేషన్‌కు ఐదుకి ఐదు. నర్సులకు నాలుగున్నర. వంటగదికి రెండు. బిల్లింగ్ కౌంటర్‌కు సున్నా, అదీ మొహమాటం కొద్దీ. ఆసుపత్రి పేరు రాయడం లేదు. రాస్తే మెచ్చుకున్న మాటలు ప్రకటనలా, తప్పుపట్టిన మాటలు తగాదాలా కనిపిస్తాయి.

నేను విల్లివాక్కంలో జాకెట్లు కుట్టే దుకాణం నడుపుతాను. పుట్టిల్లు గూడూరు, మెట్టినిల్లు మద్రాసు, వయసు యాభై దాటింది. బరువు తగ్గుతున్న సంగతి నాకు మొదట కాటా చెప్పలేదు, నా జాకెట్లే చెప్పాయి. పక్క కుట్లు లోపలికి వేసుకుంటూ పోయాను. చివరికి కుట్టుకు అవతల మిగిలిన గుడ్డతో ఇంకో చెయ్యి కుట్టవచ్చు అన్నట్టు తయారైంది.

అన్నమే కాదు, మంచినీళ్లు కూడా రొమ్ము మధ్యలో ఆగిపోయేవి. ముద్ద మింగి, లేచి నిలబడి, పైనుంచి గ్లాసెడు నీళ్లు తాగితే, ఆ నీళ్ల బరువుకు ముద్ద ఎప్పటికో దిగేది. పెళ్లిళ్లకు వెళ్లి అక్షింతలు వేసి, పంక్తి మొదలయ్యేలోపు వచ్చేసేదాన్ని. రాత్రి పడుకుంటే తిన్నది తిన్నట్టే వెనక్కి వచ్చి దిండు తడిసేది. అందులో పులుపు ఉండేది కాదు, కడుపుదాకా వెళితే కదా పులవడానికి. నిద్రలో పొలమారి దగ్గు. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. ఆ లెక్కన అర్ధరాత్రి దాటాక నన్ను తలుచుకునేవాళ్లు ఈ లోకంలో చాలామందే ఉండాలి.

మా వీధి చివర క్లినిక్‌లో గ్యాస్ అన్నారు. గ్యాస్ అనని క్లినిక్ ఎక్కడుంది? ఆమ్లం తగ్గించే మాత్రలు చాలాకాలం మింగాను, అంటే మింగడానికి ప్రయత్నించాను. వేరేచోట చేసిన ఎండోస్కోపీలో అంతా మామూలుగానే ఉందని రాశారు. ఈ జబ్బు తొలిదశలో ఎండోస్కోపీకి దొరక్కపోవచ్చట. గొట్టాన్ని కాస్త నెడితే దిగిపోతుంది, మెతుకును నెట్టేవాళ్లు లోపల ఎవరూ లేరు. మరో ఆసుపత్రిలో బేరియం ఎక్స్‌రే ఒక్కటి చూసి, కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే ఆపరేషన్ తేదీ ఇచ్చేశారు. ఆ తొందర నాకు నచ్చక లేచి వచ్చేశాను.

నేను చివరికి చేరిన చోట డాక్టరు మొదటిరోజు ఆపరేషన్ మాటే ఎత్తలేదు. మింగడం ఎంత కష్టంగా ఉంది, తిన్నది వెనక్కి వస్తోందా, రొమ్ములో నొప్పి ఉందా, బరువు ఎంత తగ్గారు అని నాలుగే ప్రశ్నలు అడిగి, ఒక్కోదానికి సున్నా నుంచి 3 దాకా మార్కులు వేశారు. దీన్ని ఎకార్ట్ స్కోరు అంటారు. మొత్తం 12కు నాకు 9 వచ్చింది. ఎక్కువ మార్కులు వచ్చినందుకు బాధపడ్డ పరీక్ష నా జీవితంలో ఇదొక్కటే. ఆపరేషన్ తరువాత ఇవే ప్రశ్నలు మళ్లీ అడుగుతాం, 3 లోపు వస్తే మన పని అయినట్టు అన్నారు. చేయబోయే పని ఫలించిందో లేదో తేల్చే కొలతను ముందే నా చేతికిచ్చిన మనిషి మీద నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

జబ్బు గురించి ఆయన చెప్పింది ఇదీ. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఒక కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు అది వదులై దారి ఇవ్వాలి. దాన్ని వదులు చేసే నరాల కణాలు క్షీణిస్తే అది బిగుసుకునే ఉండిపోతుంది. పైన ముద్దను కిందికి నడిపే అలలు కూడా ఆగిపోతాయి. ఏటా లక్షమందిలో సుమారు ఒకరికి కొత్తగా వస్తుందట. 1674లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు ఈ బాధను వర్ణించాడని మా అమ్మాయి చదివి చెప్పింది. తిమింగలం నుంచి తీసిన బద్ద కొసన స్పాంజి కట్టి, దాన్ని గొంతులోకి దించి అన్నాన్ని కిందికి తోసే ఏర్పాటు చేశాడట. అది విన్నాక ముక్కులో గొట్టం పెడతారన్న భయం నాకు సగం తగ్గింది.

మళ్లీ ఎండోస్కోపీ చేశారు. వలయం దగ్గర క్యాన్సర్ గడ్డ ఉన్నా అచ్చం ఇలాంటి లక్షణాలే వస్తాయి కాబట్టి దాన్ని ముందు తోసిపుచ్చాలి. తరువాత బేరియం. నిలబెట్టి సుద్ద రుచి ఉండే తెల్లని ద్రవం తాగించి, 1, 2, 5 నిమిషాలకు ఎక్స్‌రేలు తీశారు. ఐదు నిమిషాల తరువాత కూడా అన్నవాహికలో ఎంత ఎత్తున నిలిచి ఉందో స్కేలుతో కొలుస్తారు. పైన వెడల్పుగా ఉండి అడుగున ఒక్కసారిగా సన్నబడిన నా అన్నవాహికను చూపించి, దీన్నే పక్షి ముక్కు ఆకారం అంటాం అన్నారు.

అసలు పరీక్ష మానోమెట్రీ, అంటే అన్నవాహికలో పీడనం కొలవడం. దీని గురించి భయపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, చూసినదాన్ని చూసినట్టు చెబుతాను. ముక్కులో మొద్దుబార్చే జెల్ పూసి, పొడవునా సెన్సార్లు ఉన్న సన్నని గొట్టాన్ని జీర్ణాశయం దాకా దించుతారు. దిగేటప్పుడు వాంతి వచ్చినట్టవుతుంది, కళ్లలో నీళ్లు కారతాయి. ఆ తరువాత పడుకోబెట్టి, ఒక్కోసారికి 5 మిల్లీలీటర్ల చొప్పున పదిసార్లు నీళ్లు మింగిస్తారు. మధ్యలో ఉమ్మి కూడా మింగకూడదు, అదే కష్టం. పరీక్ష చేసిన తమిళ అమ్మాయి ప్రతి దశకు ముందు ఏం జరగబోతోందో చెప్పింది, నా చెయ్యి ఒక్కసారీ వదల్లేదు. ఆ అమ్మాయి కోసం ఇంకో అర మార్కు ఎక్కడైనా కలుపుకోండి.

డాక్టరు తెరను నావైపు తిప్పి రంగుల పటం చూపించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మింగితే రంగు పట్టీ పైనుంచి కిందికి ఏటవాలుగా దిగుతుంది. నాది దిగడం లేదు, పైనుంచి కిందిదాకా ఒకేసారి నిలువుగా వెలుగుతోంది. మింగినప్పుడు వలయం దగ్గర పీడనం పాదరసం కొలతలో 15 మిల్లీమీటర్లకు మించకూడదట. నాది దానికి రెట్టింపు దాటింది. ఈ జబ్బులో మూడు రకాలున్నాయి, నాది రెండోది, చికిత్సకు అన్నిటికంటే బాగా లొంగేది అదే. మూడో రకంలో అన్నవాహిక పట్టేసినట్టు ముడుచుకుంటుంది, దానికి ఇంకా పైదాకా కోత కావాలి, అందుకు వేరే పద్ధతి నయం. రకం తెలియకుండా కత్తి పట్టడం ఎందుకు తప్పో అప్పుడు అర్థమైంది. బేరియం ఒక్కటి చూసి తేదీ ఇచ్చిన ఆ ఆసుపత్రి నుంచి లేచి వచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

దారులు మూడున్నాయన్నారు. ఒకటి బెలూన్. 30 మిల్లీమీటర్ల వెడల్పున్న బెలూన్‌ను వలయంలో ఉబ్బించి సాగదీస్తారు, చాలకపోతే 35, ఆపైన 40. కోత ఉండదు గానీ మళ్లీ మళ్లీ అవసరం కావచ్చు, అరుదుగా అన్నవాహిక చిరిగే ప్రమాదం ఉంది. రెండోది పోయెమ్. జపాన్ వైద్యుడు హరుహిరో ఇనౌయె 2008లో మొదటిసారి మనిషికి చేసిన పద్ధతి. నోటినుంచి ఎండోస్కోప్ పంపి, అన్నవాహిక గోడలోనే సొరంగంలా దారి చేసుకుని, లోపలినుంచే కండరాన్ని కోస్తారు. ఒంటిమీద గాటు ఉండదు. మూడోది పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే హెల్లర్ మయాటమీ.

మా అల్లుడు హైదరాబాద్‌లో ఉంటాడు. "ఇక్కడ పోయెమ్ చాలామందికి చేస్తున్నారు, వచ్చేయండి అత్తయ్యా" అని రోజూ ఫోను. అదే మాట డాక్టరుకు చెప్పాను. ఆయన పోయెమ్‌ను ఒక్క మాట అనలేదు. ఐరోపాలో రెండింటినీ పోల్చి 2019లో ప్రచురించిన అధ్యయనం గురించి చెప్పారు. రెండేళ్ల తరువాత చూస్తే పోయెమ్ చేయించుకున్నవాళ్లలో 83 శాతానికి, లాప్రోస్కోపీవాళ్లలో సుమారు 82 శాతానికి గుణం కనిపించింది. తేడా లేనట్టే. అయితే కడుపులో ఆమ్లం ఎగదన్ని అన్నవాహిక ఒరుసుకుపోవడం పోయెమ్ తరువాత 44 శాతంలో, లాప్రోస్కోపీ తరువాత 29 శాతంలో కనిపించింది. లాప్రోస్కోపీలో వలయం కోశాక జీర్ణాశయపు పై అంచుతో ఒక అడ్డు కడతారు, పోయెమ్‌లో అది ఉండదు. ఇంత చెప్పి, పక్క గదిలో పోయెమ్ చేసే డాక్టరు ఉన్నారు, ఆయనతో కూడా మాట్లాడి రండి అని పంపించారు. తన దగ్గరకు వచ్చిన గిరాకీని పక్క దుకాణానికి పంపే గుండె నాకైతే లేదు. (పక్క గదిలో ఫీజు మళ్లీ కట్టించుకున్నారు, అది వేరే సంగతి.)

మూడో దారే ఎంచుకున్నాను. లైప్‌జిగ్‌లో ఎర్నెస్ట్ హెల్లర్ ఈ ఆపరేషన్‌ను మొదట చేసింది 1913లో. అప్పట్లో కండరాన్ని ముందూ వెనకా రెండుచోట్ల కోశాడు, తరువాతివాళ్లు ముందువైపు ఒక్క కోత చాలని తేల్చారు. 1990ల మొదట్లో దాన్ని చిన్న రంధ్రాల గుండా చేయడం మొదలైంది. వందేళ్లు దాటిన ఆపరేషన్ అనగానే మా ఆయనకు ధైర్యం వచ్చింది. ఆయన ఇప్పటికీ పాత స్కూటరే నమ్మే మనిషి.

ఆపరేషన్‌కు ముందు రెండు రోజులు ద్రవాహారమే. మత్తు డాక్టరు ఈ విషయంలో చండశాసనుడు. అన్నవాహికలో తిండి నిలిచి ఉంటే మత్తు ఇచ్చే సమయంలో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మీకు ఆకలి కంటే అదే పెద్ద సమస్య అన్నారు. మారు మాట్లాడలేదు.

ఇక కోత సంగతి. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి ఉబ్బించి, ఐదు రంధ్రాలు పెట్టారు. పెద్దది సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. అన్నవాహిక గోడకు బయట కండరం, లోపల మెత్తని పొర ఉంటాయి. పైన 6 సెంటీమీటర్లు, కింద జీర్ణాశయం మీద మరో 2 సెంటీమీటర్లు కండరాన్ని మాత్రమే కోయాలి, లోపలి పొర తెగకూడదు. ఇది వినగానే నాకు పట్టు జాకెట్టు గుర్తొచ్చింది. కుట్టేశాక బిగుతైందని తెచ్చిస్తారు. పైన పట్టును విప్పాలి, లోపల లైనింగుకు కత్తెర మొన తగలకూడదు. తగిలితే ఆ చిరుగు ఎంత చిన్నదైనా అక్కడినుంచే పని చెడుతుంది. డాక్టరుకు ఈ మాట చెబితే, తగిలితే ఏం చేస్తారు మీరు అని అడిగారు. వెంటనే కనిపెడితే సన్న సూదితో రెండు కుట్లు, కనిపెట్టకపోతే గొడవ అన్నాను. మా పనీ అంతేనమ్మా, అందుకే కోత అయ్యాక లోపలినుంచి ఎండోస్కోప్ పెట్టి గాలి లీకవుతోందేమో చూసుకుంటాం అన్నారు.

కోత తరువాత జీర్ణాశయపు పై భాగాన్ని ముందువైపు మడిచి ఆ తెరిచిన చోటు మీద కప్పి కుడతారు. దీనికి డోర్ ఫండోప్లికేషన్ అని పేరు. ఆపరేషన్ వీడియో అడిగితే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. అడగనివాళ్లకు ఇవ్వరు, అడగండి. ఇంట్లో అందరూ మొహం తిప్పుకున్నారు గానీ నేను కూర్చుని మొత్తం చూశాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే కాబట్టి కుట్ల దగ్గర ఆపి ఆపి చూశాను. జానెడు పైబడిన పొడవు పనిముట్ల చివర్న వంపు సూది పట్టుకుని, దారాన్ని చుట్టి ముడి వేస్తున్నారు. ఎక్కడా దారం లాగి బిగించలేదు, గుడ్డ అంచును అంచుకు తాకించి ఆపినట్టే ఆపారు. ఒక్క కుట్టు మాత్రం మిగతావాటి వరుసలో లేదు, కాస్త ఎడంగా పడింది. తరువాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అడిగాను. ఆయన నవ్వి, అక్కడొక చిన్న రక్తనాళం ఉంది, దాన్ని తప్పించి వేశాను అన్నారు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదట.

మెలకువ వచ్చాక పొట్ట కంటే కుడి భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. గుండెకు ఏదో అయిందని మా ఆయన హడావుడి. రాత్రి డ్యూటీ నర్సు సూళ్లూరుపేట అమ్మాయి. "భయం లేదమ్మా, పొట్టలో మిగిలిన గ్యాస్ పైన ఉన్న డయాఫ్రమ్‌ను ఒరుసుకుంటే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది, నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది" అని లేపి నడిపించింది. నడిస్తే తగ్గింది. ఆ వార్డులో నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి వచ్చినవాళ్లు ఎందరో. పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగి నేరుగా ఆసుపత్రికే వచ్చే కుటుంబాలు. నాకు తమిళం వచ్చు కాబట్టి గడిచిపోయింది. వాళ్లతో సంతకం పెట్టించుకునే అంగీకార పత్రాలు మాత్రం ఇంగ్లీషులోనూ తమిళంలోనూ ఉన్నాయి. పక్క మంచం పెద్దాయనకు అందులో రాసిన ప్రమాదాలన్నీ ఈ అమ్మాయే తెలుగులో చదివి చెప్పింది. అది ఆమె పని కాదు. ఇంతమంది తెలుగు రోగుల డబ్బు తీసుకునే చోట ఒక తెలుగు కాగితం అచ్చు వేయించడానికి ఎంతవుతుంది?

మర్నాడు రంగు ద్రవం తాగించి ఎక్స్‌రే తీశారు. ఎక్కడా లీకు లేదు. తరువాత గ్లాసులో మంచినీళ్లు ఇచ్చారు. గుక్క మింగి, అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాను. ఎందుకు లేచారని నర్సు అడిగితే చెప్పడానికి ఏమీ లేదు, నీళ్లు అప్పటికే దిగిపోయాయి.

ఇప్పుడు వంటగది. నా మంచానికి తగిలించిన చీటీలో ద్రవాహారం మాత్రమే అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. వచ్చింది ఉప్మా, కొబ్బరి చట్నీ. వెనక్కి పంపితే ఈసారి సాంబారు ఇడ్లీ. మూడోసారి గంజి వచ్చింది, ఉప్పు లేదు. దాంతోపాటు మజ్జిగ, అందులో కరివేపాకు రెబ్బలు తేలుతున్నాయి. నేను చదివి తెలుసుకున్నదాన్ని కాబట్టి ముట్టుకోలేదు. పల్లెనుంచి వచ్చిన మనిషైతే ఆసుపత్రివాళ్లే పెట్టారు కదా అని తింటారు, లోపల పచ్చి కుట్లు. అంత జాగ్రత్తగా చేసిన కుట్టు మీద ఉప్మా పంపించే వంటగదికి రెండు మార్కులు ఎక్కువే. ఆ రెండూ డైటీషియన్ స్వయంగా వచ్చి క్షమాపణ చెప్పి, వడగట్టిన రసం తెప్పించినందుకు.

బిల్లింగ్ గురించి రాయాలంటే రక్తపోటు పెరుగుతుంది, కానీ రాస్తాను. పొద్దున్నే ఇంటికి వెళ్లవచ్చని డాక్టరు సంతకం పెట్టారు. సాయంత్రం దీపాలు పెట్టేదాకా కదల్లేదు. బీమా కంపెనీ నుంచి అనుమతి రాలేదని కౌంటర్‌వాళ్లు, ఆసుపత్రి కాగితాలు పంపలేదని బీమావాళ్లు. ముందు ప్యాకేజీ అని చెప్పిన మొత్తానికి, చేతికొచ్చిన బిల్లుకు పొంతన లేదు. కండరం కోసే అల్ట్రాసోనిక్ పరికరం విడిగా, మత్తు డాక్టరు ఫీజు విడిగా. చేరినరోజు ఇచ్చిన సంచిలోని థర్మామీటరు, దువ్వెన, చెప్పులు బీమాలోకి రావట. దువ్వెన నేను అడగలేదు, వాడలేదు, ఇప్పటికీ కవరులోనే ఉంది. ఆపరేషన్ మధ్యలో చేసిన ఎండోస్కోపీని బిల్లులో రెండుసార్లు వేశారు. మా ఆయన బిల్లు వరుస వరుసా వేలు పెట్టి చదివి పట్టుకున్నారు. తీసేశారు గానీ, సిస్టమ్‌లో అలా వచ్చిందండీ అన్నారే తప్ప పొరపాటైందని ఎవరూ అనలేదు.

ఇంటికి వచ్చాక రెండు వారాలు మెత్తని తిండి, నెలన్నర బరువులు ఎత్తకూడదు. గోడౌన్ వీధి నుంచి లైనింగు తానులు మా ఆయనే మోసుకొచ్చారు, తెచ్చిన రంగుల్లో సగం మార్పించాల్సి వచ్చింది. ఇప్పుడు అన్నం, చపాతీ, చేపల పులుసు అన్నీ దిగుతున్నాయి. నాలుగు ప్రశ్నల స్కోరు ఒకటికి వచ్చింది. ఆ ఒకటి అప్పుడప్పుడూ వచ్చే రొమ్ము నొప్పి. అది పూర్తిగా పోకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు.

ఆయన ముందే చెప్పినవి ఇంకా ఉన్నాయి, వాటిని దాస్తే ఈ సమీక్ష తప్పుడు తూకం అవుతుంది. ఈ ఆపరేషన్ జబ్బును మాన్పదు, దారి తెరుస్తుంది. పోయిన నరాలు తిరిగి రావు, అన్నవాహికలో అలలు రావు. ముద్ద తన బరువుతోనే దిగాలి. అందుకే నిటారుగా కూర్చుని, బాగా నమిలి, మధ్యమధ్య నీళ్లు తాగుతూ తినాలి. రాత్రి భోజనానికి, పడకకు మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. దుకాణం మూసేసరికి రాత్రయ్యే నాకు ఇదే పెద్ద మార్పు, ఇప్పుడు మిషను పక్కనే డబ్బా విప్పి ఏడింటికే తినేస్తున్నాను. ఆమ్లం ఎగదన్నితే మాత్ర వేసుకోవాలి. కొందరికి కొన్నేళ్ల తరువాత ఇబ్బంది మళ్లీ మొదలు కావచ్చు, అప్పుడు బెలూన్ గానీ పోయెమ్ గానీ చేస్తారు. ఏళ్ల తరబడి ఈ జబ్బు ఉన్నవాళ్లలో అన్నవాహిక క్యాన్సర్ అవకాశం మామూలువాళ్ల కంటే ఎక్కువ కాబట్టి, డాక్టరు చెప్పినప్పుడల్లా ఎండోస్కోపీ చేయించుకోవాలి.

ఎవరైనా ఈ ఆపరేషన్‌కు వెళుతుంటే, మానోమెట్రీ అక్కడే చేస్తారా, మీది ఏ రకమో కాగితం మీద రాసి ఇస్తారా అని ముందు అడగండి. పోయెమ్, లాప్రోస్కోపీ రెండూ చేసే చోటైతే మీకు ఏది తగునో చెప్పడానికి వాళ్లకు అడ్డం ఉండదు. ప్యాకేజీలో లేనివేమిటో సంతకంతో రాయించుకోండి. సంచి వద్దని చేరేటప్పుడే చెప్పండి. నేను వెళ్లిన ఆసుపత్రేనని ఆనవాలు పట్టినవాళ్లు ఉంటే, రికార్డుల గది మధ్యాహ్నం భోజనవేళ మూసేస్తారు, మానోమెట్రీ పటం నకలు రంగుల్లో కావాలని నొక్కి చెప్పకపోతే నలుపు తెలుపుల్లో ఇస్తారు, అది ఎందుకూ పనికిరాదు.